ఎర్త్ గుంటలో బిందెడు నీళ్ళు

కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ గీత ఆరు వోల్టుల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అహరోను మాష్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. గీత కదల్లేదు. పన్నెండు దాకా ఎక్కవలసిన గీత సగం మెట్లెక్కి, ఆయాసంతో చతికిలబడిన ముసలమ్మలా అక్కడే కూర్చుంది.

"రా అమ్మా, ఇంకొక్క మెట్టు," అన్నారు మాష్టారు కంప్యూటరుతో, పక్కనెవరూ లేరనుకుని.

వెనకాల కనకరాజు ఉన్నాడు. కాలేజీ స్టోరు చూసేదీ, ల్యాబు తలుపులు తీసేదీ అతనే. "ఆయ్, దానికి చెవులుంటే ఈపాటికి వచ్చేసేదండీ మాష్టారూ," అన్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఈగలు వాలకుండా పైన సాసరు బోర్లించి వెళ్ళాడు. మాష్టారు టీ తాగడం మరచిపోతారని అతనికి తెలుసు. గంట తరవాత వచ్చి, చల్లారిన టీ పారబోసి వేడిది తెచ్చి పెడతాడు. ఆ మాట ఎప్పుడూ ఎత్తడు.

అది రెండు వేల ఎనిమిదో సంవత్సరం. తాడేపల్లిగూడెం దాటాక వరిచేల మధ్యలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ. అహరోను గారు అందులో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవారు. ముందు డిప్లొమా చదివి ల్యాబులో చేరారు. పని చేసుకుంటూనే డిగ్రీ పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కించారు. చివరికి ఒక రోజు ఆయన చేతికి చాక్‌పీసు ఇచ్చి క్లాసులోకి పంపారు. ఆ రోజు ఆయన బోర్డు ముందు కాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డారట. పిల్లలు మాష్టారికి కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళు తెచ్చారట. ఆయన దేవుడికి స్తోత్రం చెప్పుకుంటున్నారు, అంతే.

ఇప్పుడా చాక్‌పీసుకే ముప్పు వచ్చింది. ఎం.టెక్ లేనివాళ్ళు జూన్ నుంచి క్లాసులకు వెళ్ళకూడదని కాలేజీ వాళ్ళు అన్నారు. వాళ్ళను స్టోర్ ఇన్‌ఛార్జిగా వేస్తారట. జీతం తగ్గదట, గౌరవం తగ్గదట, పాఠం మాత్రం చెప్పకూడదట. మాష్టారు పార్ట్ టైములో ఎం.టెక్ పేపర్లన్నీ రాసి నెగ్గారు. ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన ఆఖరి గడువు ఆ వేసవితో సరి.

ప్రాజెక్టు చిన్నదే. కొల్లేటి గట్ల మీద చేపల చెరువులకు కాపలా ఉండేవాళ్ళ గుడిసెల్లో రెండు లారీ బ్యాటరీలు కలిపి పెట్టుకుంటే ఇరవై నాలుగు వోల్టులు వస్తాయి. దీపానికీ రేడియోకీ కావలసింది పన్నెండే. మిగిలిన సగాన్ని వేడిగా తగలెయ్యకుండా, కరెంటును క్షణానికి వేలసార్లు తెరిచి మూసే ఒక ఎలక్ట్రానిక్ తలుపు పెట్టి, ఒక తీగచుట్టతో, ఒక కెపాసిటరుతో దాన్ని నున్నగా పన్నెండుకు దింపాలి. ఆ తలుపు పేరు మాస్‌ఫెట్. దాని గేటు అనే కాలికి చిన్న వోల్టేజీ పల్సు తగిలితే తెరుచుకుంటుంది, పోతే మూసుకుంటుంది. ఇదంతా సామాను కొని అతికించే ముందు కంప్యూటరులో బొమ్మ గీసి నడిపించి చూడవచ్చు. దాన్నే సిమ్యులేషన్ అంటారు. అందులో పొగ రాదు, షాకు కొట్టదు. షాకు కొట్టని సర్క్యూట్ కనుకనే మాష్టారు ఈ పని ఎంచుకున్నారని ఆయన భార్య లిడియాకు మాత్రం తెలుసు.

పిల్లలు ఆయన్ను చాటుగా 'ఎర్త్ మాష్టారు' అనేవారు. ఏటేటా మొదటి క్లాసులో, తన పేరు కూడా చెప్పకముందే, బోర్డు మీద ఒక నిలువు గీత, దాని కింద పెద్దదీ, చిన్నదీ, మరీ చిన్నదీగా మూడు అడ్డగీతలు గీసేవారు. అది ఎర్త్ గుర్తు, దారి తప్పిన కరెంటును నేలలోకి దింపే తీగకు గుర్తు.

"ముందు నేల బాబూ. తరవాతే కరెంటు. ఎర్త్ ఎక్కడుందో చూడకుండా నా ల్యాబులో ఎవరూ వైరు ముట్టుకోకూడదు."

"మాష్టారు పెళ్ళిలో ఉంగరానికి కూడా ఎర్త్ కట్టించారంటరోయ్," అని వెనక బెంచీలో నవ్వుకునేవారు. నవ్వినవాళ్ళు కూడా ఆయన తమ్ముడి కథ విన్నాక మళ్ళీ నవ్వేవారు కాదు.

మాష్టారిది మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. ఆయన తమ్ముడు వరదానం చేపల చెరువు చూసేవాడు. ఒక తెల్లవారుజామున చేపలు గాలి చాలక నీళ్ళ మీదికి తేలి నోళ్ళు తెరుస్తున్నాయని, నీళ్ళు తిరగబెట్టడానికి పరుగెత్తి మోటారు మీద చెయ్యి వేశాడు. మోటారుకి ఎర్త్ లేదు. ఆ రోజుల్లో ఆ గట్టు మీద ఏ మోటారుకీ ఉండేది కాదు. అహరోను అప్పుడు ఏలూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. సమాధి కార్యక్రమం అయ్యాక మనుషులంతా వెళ్ళిపోతే, ఆయన గునపం పట్టుకుని మోటారు షెడ్డు పక్కన గొయ్యి తవ్వారు. ఇనప పైపు పాతి, చుట్టూ బొగ్గులు, ఉప్పు వేసి, వైరు బిగించారు. ఎవరికోసమో ఆయనకే తెలియదు.

తల్లి సుందరమ్మ గట్టున కూర్చుని అంతా చూసింది. "ఇది ముందే ఉంటే వాడు బతికేవాడా నాయనా?" అని అడిగింది.

అబద్ధం ఆడడం ఆయనకు చేతకాలేదు. "బతికేవాడమ్మా."

"మరి దీనికి ఏం పెట్టాలి?"

"నీళ్ళమ్మా. నేల తడిగా ఉంటేనే పనిచేస్తుంది."

ఆ సాయంత్రం నుంచి సుందరమ్మ రోజూ బిందెడు నీళ్ళు తెచ్చి ఆ ఎర్త్ గుంటలో పోసేది.

అలాంటి మనిషి కంప్యూటరులో సర్క్యూట్ గీస్తే ఎర్త్ లేకుండా ఎలా గీస్తారు? బ్యాటరీకి పెట్టారు, కెపాసిటరుకు పెట్టారు, దీపానికి పెట్టారు, గేటుకు పల్సు ఇచ్చే సోర్సుకూ పెట్టారు. బొమ్మ నిండా ఎర్త్ గుర్తులు. నడిపిస్తే గీత మూడు దగ్గర నిలిచింది. పల్సు వెడల్పు పెంచితే ఆరు దాకా వచ్చింది. ఆ పైకి ప్రాణం పోయినా రానంది.

ఆయన డయోడు మార్చారు. తీగచుట్టను పెద్దది చేశారు, చిన్నది చేశారు. కెపాసిటరు మార్చారు. మాస్‌ఫెట్ మోడలు తప్పేమోనని ఇంకోటి తెచ్చి పెట్టారు. లెక్క మరీ తొందరగా ముగుస్తోందేమోనని ఎక్కువసేపు నడిపించి చూశారు. గీత అదే ఆరు. యూనివర్సిటీలో గైడుకు ఫోను చేస్తే, "వైరింగ్ చూసుకోండి, ఎక్కడో చిన్న పొరపాటు ఉండి ఉంటుంది," అని పెట్టేశారు. వైరింగ్ చూశారు. చూసిన ప్రతిసారీ ఎర్త్‌లన్నీ చక్కగా ఉన్నాయని తృప్తిపడి, మిగతా వాటిని అనుమానించారు.

సాటి లెక్చరర్లు వచ్చి చూసేవారు. ఫైనలియర్ పిల్లలు వచ్చి చూసేవారు. వచ్చినవాళ్ళు కాసేపు తెర వైపు చూసి, తరవాత మాష్టారి వైపు చూసి, "అంతా బాగానే ఉందండీ," అనేవారు. "వచ్చేస్తుంది లెండి సార్," అనేవారు. ఒకరు అరటిపళ్ళు పెట్టి వెళ్ళేవారు. ఇంకొకరు ఆయన ఇన్విజిలేషన్ డ్యూటీ తాము చేసేవారు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య తనకు మాత్రం ఎందుకు రావడం లేదో మాష్టారికి అర్థమయ్యేది కాదు. దేవుడు తన తలకు ఇంతే కొలిచి ఇచ్చాడేమో అనిపించేది.

శనివారం సాయంత్రం ఏలూరు మీదుగా బస్సులో ఊరికి వెళ్ళారు. కైకలూరు రోడ్డు కొల్లేరు దాటేటప్పుడు కిటికీలోంచి చూస్తే, తెగిన గట్ల మొండేలు నీళ్ళలోంచి పొడుచుకుని కనిపించాయి. రెండేళ్ళ కిందట సరస్సులో చేపల చెరువుల గట్లు తొలగించినప్పుడు వాళ్ళ చెరువూ పోయింది. మోటారు అమ్మేశారు. షెడ్డు మొండిగోడలు మిగిలాయి, పక్కన ఎర్త్ గుంట మిగిలింది.

సుందరమ్మ ఆ వేళకు బిందె ఎత్తుకుని బయలుదేరుతోంది. మోకాళ్ళు అరిగిపోయి ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. పక్కింటి వెంకటనరసమ్మ బోరింగు కొట్టి ఆమె బిందె నింపింది. దారికి అడ్డంగా కట్టేసిన గేదెను ఎవరో ఆమె కోసం పక్కకు లాగారు. మోటారే లేని చోట నీళ్ళెందుకమ్మా అని ఆ ఊళ్ళో ఒక్కరూ అనలేదు. కొడుకూ అనలేదు. గబగబా వెళ్ళి బిందె అందుకున్నారు.

"నువ్వు బరువు ఎత్తకు, చదువుకునే మనిషివి," అంది తల్లి. "ఆ గీత లేచిందా?"

"లేదమ్మా."

"లేస్తుందిలే. పాస్టరుగారికి చెప్పాను."

మర్నాడు ఆరాధనలో పాస్టరు జ్ఞానయ్యగారు వర్షం కోసం, రోగుల కోసం ప్రార్థించాక, "తండ్రీ, మా అహరోను మాష్టారి గీతను లేవనెత్తు," అన్నారు. ఆ గీత ఏమిటో ఆయనకు తెలియదు. గుడి నిండా ఉన్నవాళ్ళకూ తెలియదు. అయినా అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. మాష్టారు తల వంచుకుని కూర్చున్నారు. కళ్ళలోంచి నీళ్ళు మోకాలి మీద పడ్డాయి.

సోమవారం ఆయన తిన్నగా స్టోరుకు వెళ్ళారు.

"కనకరాజూ, నాకు ఈ సామాను ఎక్కడెక్కడ ఉంటుందో కాస్త చూపించవయ్యా. జూన్‌లో నేను ఇక్కడికే కదా."

కనకరాజు మూలనున్న మంచి కుర్చీ తీసి, దుమ్ము దులిపి, కిటికీ దగ్గర వేశాడు. "ఇక్కడైతే మీకు గాలి వస్తుందండి. క్లాసుల్లో పాఠాలు కూడా వినపడతాయండి," అన్నాడు. తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచాడు.

గుమ్మంలో ఇందు నిలబడి ఉంది. మీటర్ల కోసం వచ్చింది. ఒకప్పుడు ఆయన శిష్యురాలే, కిందటేడు లెక్చరరుగా చేరింది. ఆ కుర్చీ చూసింది. మీటర్లు అడగలేదు.

"సార్, ఒక్కసారి ల్యాబుకి రండి."

"ఎందుకమ్మా, అంతా బాగానే ఉందని నువ్వు కూడా అన్నావు కదా."

"అబద్ధం చెప్పానండి," అంది ఇందు. "రండి సార్."

ల్యాబులో తెర ముందు కూర్చున్నాక ఆ పిల్ల వేలు తెర మీద గేటు పల్సు సోర్సు కింద ఉన్న మూడు అడ్డగీతల మీద పెట్టింది. "ఇది తీసెయ్యాలండి."

"ఎర్తా?" అన్నారు మాష్టారు. "ఎర్త్ ఎలా తీస్తామమ్మా?"

"ఇది ఒక్కటేనండి. మిగతావి అలాగే ఉంచండి. మీరే చెప్పారు మాకు థర్డ్ ఇయర్‌లో. గేటు వోల్టేజీని మాస్‌ఫెట్ నేల నుంచి కొలుచుకోదు, సోర్సు అనే తన రెండో కాలి నుంచి కొలుచుకుంటుంది అని. ఈ సర్క్యూట్‌లో ఆ కాలి వోల్టేజీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా పైకి లేస్తుంది. మీ పల్సు పది వోల్టులేమో నేలకు కట్టేసి ఉన్నాయి. కాలు ఆరు దాకా లేచేసరికి మధ్యలో నాలుగే మిగులుతాయండి. ఆ నాలుగుతో తలుపు ఇంకా తెరుచుకోదు. అందుకే ఆరు."

మాష్టారు బొమ్మ వైపు చూశారు. పడవ నీటితో పాటు లేస్తుంటే, తాడు మాత్రం గట్టుకు పొట్టిగా బిగించి కట్టినట్టు కనిపించింది. ఇది ఆయనకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఇన్ని నెలలు తన చేత్తో తానే బిగించి, తానే లాగుతూ కూర్చున్నారు.

"నువ్వెప్పుడు చూశావమ్మా ఇది?"

ఇందు తల దించుకుంది. "మొదటి రోజేనండి."

"మరి మిగతావాళ్ళు?"

"అందరూ చూశారు సార్. పిల్లలు కూడా." మెల్లగా అంది. "మీరు ఎర్త్ గుర్తు గీసేటప్పుడు మీ చెయ్యి ఎలా ఉంటుందో చూశాం కదండీ. అది తీసెయ్యమని మీతో ఏ నోటితో చెప్పమంటారు? మీరే కనుక్కుంటారులే అనుకున్నాం. ఇవాళ ఆ కుర్చీ చూశాక..."

మాష్టారు మౌసు మీద చెయ్యి వేశారు. బాణం వెళ్ళి ఎర్త్ గుర్తు మీద నిలిచింది. నొక్కాల్సింది ఒక్క మీట. అందులో కరెంటు లేదు, నీళ్ళు లేవు, మనిషి లేడు. అంతా లెక్కే. ఆ సంగతి బాగా తెలిసినా వేలు దిగలేదు. తెల్లవారుజామున తడి గట్టు, తెరుచుకున్న చేపల నోళ్ళు, ఎవరూ లేని మోటారు షెడ్డు అన్నీ ఆ మూడు చిన్న గీతల్లో ఉన్నాయి.

"నా వల్ల కావడం లేదమ్మా. నువ్వు తియ్యి," అన్నారు చివరికి.

ఇందు తీసింది. పల్సు సోర్సు కింది కాలును మాస్‌ఫెట్ సోర్సు కాలికి కలిపింది. పల్సు వెడల్పు సగానికి పెట్టి నడిపించింది. గీత మొదలై, ఆరు దాటింది. తొమ్మిది దాటింది. పన్నెండు మీదికి ఎగిరి, కాస్త ఊగి, మళ్ళీ దిగి, పన్నెండు పక్కన నిలబడింది.

వెనక కనకరాజు టీతో వచ్చి నిలబడ్డాడు. "వచ్చేసిందాండీ?" అన్నాడు.

"వచ్చిందయ్యా," అన్నారు మాష్టారు. అని, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. సంతోషమైతే నవ్వాలి కదా అని కనకరాజు అనుకున్నాడు. టీ పెట్టి, సాసరు బోర్లించి వెళ్ళాడు.

మాష్టారికి ఎవరి మీదా కోపం రాలేదు. అరటిపళ్ళు పెట్టినవాళ్ళు, డ్యూటీలు చేసినవాళ్ళు, అంతా బాగుందన్నవాళ్ళు, ఒక్కొక్కరి మొహం గుర్తుకు వచ్చింది. తన గాయం మీద చెయ్యి పడుతుందని అంతమందీ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆ జాలిలో తాను మునిగిపోతుంటే గట్టున నిలబడి వాళ్ళూ ఏడ్చారు. మనుషులు ఇంతకంటే ఏం చెయ్యగలరు?

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి బొమ్మ చూసి, "అన్నిటికీ ఎర్త్ ఇచ్చారు, దీనికి ఎందుకు వదిలేశారండీ?" అని అడిగారు. మాష్టారు సరిగ్గానే జవాబు చెప్పారు, కానీ గొంతు వణికింది. భయపడుతున్నారనుకుని ఆ పెద్దమనిషి మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపి, మళ్ళీ ప్రశ్న అడగలేదు. ప్రాజెక్టు నెగ్గింది. జూన్‌లో మాష్టారి క్లాసులు ఆయనకే ఉంటాయన్నారు.

ఆ శనివారం ఊరికి వెళ్ళేసరికి సుందరమ్మ అప్పటికే బిందెతో షెడ్డు దాకా చేరింది. గట్టు ఎక్కలేక మధ్యలో ఆగి, బిందెను మోకాలి మీద ఆనించుకుని ఊపిరి తీసుకుంటోంది.

"గీత లేచిందమ్మా," అన్నారు మాష్టారు.

"స్తోత్రం," అంది సుందరమ్మ. "నే చెప్పలా?"

బిందె తాను అందుకున్నారు. ఇందు ధైర్యం చేసి చెప్పకపోతే తానింకా ఆరు దగ్గరే ఉండేవాణ్ణి కదా అనుకున్నారు. తల్లికి తానైనా చెప్పాలి కదా అనుకున్నారు. ఆమె మోకాళ్ళు చూశారు. తెగిన గట్టు చూశారు. నోరు పెగుల్చుకున్నారు.

"అమ్మా, ఇక్కడ మోటారు..."

"లేదు," అంది సుందరమ్మ. "నాకు కళ్ళు లేవా నాయనా? రెండేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నాను."

మాష్టారు నిలబడిపోయారు. "మరి నీళ్ళెందుకమ్మా?"

ఆమె కొల్లేరు వైపు చూసింది. పొద్దు వాలుతోంది. దూరాన ఎవరో పడవలోంచి వల దులుపుతున్నారు.

"వాడు ఉన్నప్పుడు ఈ వేళకి అన్నం వండేదాన్ని. ఇంకేం చెయ్యను చెప్పు, ఈ వేళకి?" అంది. "పాపం, ఊళ్ళో అందరూ నాకు తెలీదనుకుంటున్నారు. వెంకటనరసమ్మ బిందె నింపి పెడుతుంది. ఆ పిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నాను."

ఇద్దరూ కలిసి గుంట దగ్గరికి నడిచారు. పైపు తుప్పు పట్టింది. వైరు ఎప్పుడో ఎవరో కోసుకుపోయారు. ఆయన బిందె వంచబోయి ఆగి, తల్లి చేతులు తెచ్చి బిందె అంచు మీద పెట్టి, కింద తాను పట్టుకున్నారు.

"మెల్లగా పొయ్యి," అంది సుందరమ్మ. "ఒక్కసారే పోస్తే ఇంకదు."